గాలింపు హెలికాప్టర్ హ్యాంగర్‌లోనే ఎందుకు ఉండిపోతుంది? విడిభాగాల లెక్క

2021 నవంబరు 19న చిత్రావతి పొంగినప్పుడు, అనంతపురం జిల్లాలో నది మధ్య చిక్కుకుపోయిన పది మందిని వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ క్షేమంగా బయటికి తెచ్చింది. ఇలాంటి రోజున పైలట్ నేర్పు, సిబ్బంది తెగువ టీవీలో అందరికీ కనిపిస్తాయి. ఆ ఉదయం ఆ హెలికాప్టర్‌లో గడువు తీరని గేర్‌బాక్సు, పగులు లేని తోక రోటరు, మనిషిని పైకి లాగే వించ్‌కు పోగు తెగని కేబుల్ ఉన్నాయన్న సంగతి మాత్రం ఎవరికీ కనిపించదు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ యంత్రం గాల్లోకి లేవదు.

సైన్యం దగ్గర ఎన్ని గాలింపు హెలికాప్టర్లు ఉన్నాయన్న అంకె పత్రికల్లో తరచూ వస్తుంది. ఆ అంకె ఒక్కటే చూస్తే పెద్దగా ఏమీ తెలియదు. ఎన్ని గేర్‌బాక్సులు మరమ్మతుకు వెళ్లాయి, వెళ్లినవి ఎన్ని నెలలకు తిరిగొస్తున్నాయి, స్టోర్స్‌లో తోక రోటరు బ్లేడ్లను పట్టి ఉంచే హబ్బులు ఎన్ని మిగిలాయి అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే, ఈ రాత్రి ఫోన్ మోగినప్పుడు ఎన్ని ఎగురుతాయో దాదాపుగా చెప్పేయవచ్చు. ఇది ఎంత నిజమో కెనడా అనుభవంలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

కార్మొరాంట్ కథ

కెనడా వాయుసేన గాలింపు పని కోసమే ప్రత్యేకంగా కొన్న హెలికాప్టర్ సీహెచ్-149 కార్మొరాంట్. బ్రిటన్, ఇటలీ కలిసి రూపొందించిన ఈహెచ్-101 దీనికి మూలం. ఆ కుటుంబాన్నే ఇప్పుడు ఏడబ్ల్యూ-101 అంటున్నారు. మూడు ఇంజన్లు ఉంటాయి కాబట్టి ఒకటి ఆగినా ధైర్యంగా నడిపించవచ్చు. మంచు, తుఫాను, అట్లాంటిక్ గాలులు తట్టుకునే యంత్రం ఇది. పాత లాబ్రడార్ హెలికాప్టర్ల స్థానంలో మొత్తం 15 కొన్నారు. పడమటి తీరంలో కోమాక్స్, తూర్పున గ్రీన్‌వుడ్, గాండర్, మధ్యలో ట్రెంటన్ అనే నాలుగు స్థావరాల్లో వీటిని ఉంచాలన్నది ఆలోచన. కెనడా గాలింపు బాధ్యత పరిధి సుమారు 1 కోటి 80 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశం విస్తీర్ణానికి అయిదు రెట్ల పైమాటే. పని వేళల్లో పిలుపు వచ్చిన 30 నిమిషాల్లో, మిగతా వేళల్లో 2 గంటల్లో గాల్లోకి లేవాలన్నది అక్కడి నియమం.

కాగితం మీద లెక్క బాగానే ఉంది. నాలుగు స్థావరాలకు మూడేసి చొప్పున 12, పెద్ద తనిఖీల్లో ఉండేవి 3. స్థావరంలోని మూడింటిలో ఒకటి పిలుపు కోసం సిద్ధంగా ఉంటుంది, ఒకటి శిక్షణకు వెళ్తుంది, మరొకటి చిన్న మరమ్మతులో ఉంటుంది. ఈ లెక్కలో ఎక్కడా వెసులుబాటు లేదు.

దెబ్బ తోక దగ్గర తగిలింది. 2004 మార్చిలో ఇదే కుటుంబానికి చెందిన బ్రిటిష్ నావికాదళ మెర్లిన్ ఒకటి కల్‌డ్రోజ్ స్థావరంలో ప్రమాదానికి గురైంది. తోక రోటరు హబ్బులో పగులే కారణమని తేలింది. కెనడా హెలికాప్టర్లలోనూ అదే భాగంలో పగుళ్లు బయటపడ్డాయి. తోక రోటరుకు ఉన్న నాలుగు బ్లేడ్లను పట్టి ఉంచే హబ్బు రెండు సగాలుగా ఉంటుంది. ప్రధాన రోటరు తిరిగే బలానికి హెలికాప్టర్ శరీరం ఎదురు దిశలో తిరిగిపోకుండా ఆపేది ఈ తోక రోటరే. పడవ మీద నిలకడగా వేలాడుతూ, పక్కగాలిని తట్టుకుంటూ ముక్కును ఒకే దిక్కుకు నిలపాలంటే పైలట్ పాదాలు పెడళ్ల మీద క్షణం ఆగవు. పెడల్ కదిలిన ప్రతిసారీ బ్లేడ్ల కోణం మారుతుంది, హబ్బు మీద పడే భారం మారుతుంది. మామూలు ప్రయాణంలో రాని అలసట గాలింపు పనిలో ఈ లోహానికి వస్తుంది.

పగులు భయం ఉన్నప్పుడు చేయగలిగింది తనిఖీల మధ్య గడువు తగ్గించడమే. తనిఖీలు దగ్గరపడ్డకొద్దీ మెకానిక్కుల గంటలు వాటికే హరించుకుపోతాయి. పగులు కనిపిస్తే హబ్బు మార్చాలి, మార్చడానికి కొత్తది కావాలి. కొత్తది కావాల్సిన వాళ్లు అప్పటికే వరుసలో ఉన్నారు, ఎందుకంటే బ్రిటన్‌కూ అదే భాగం కావాలి. కెనడా చివరికి కార్మొరాంట్ ఎగరడాన్ని అసలు గాలింపులకు, తప్పనిసరి శిక్షణకు పరిమితం చేసింది. 2005లో ట్రెంటన్ నుంచి వాటిని పూర్తిగా వెనక్కి తీసుకుని, అక్కడ చిన్నవైన గ్రిఫన్ హెలికాప్టర్లతో సరిపెట్టింది. నాలుగు స్థావరాలు మూడయ్యాయి. అప్పటికి ఒక్క కార్మొరాంట్ కూడా కూలలేదు, యంత్రాల సంఖ్య 15కు 15 అలాగే ఉంది.

మరమ్మతుకు వెళ్లిన పెట్టె ఎప్పుడొస్తుంది?

ఇక్కడ ఒక చిన్న కూడిక చూడాలి. కింది అంకెలు ఏ ఒక్క దళానివీ కావు, లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. 14 హెలికాప్టర్లు ఉన్నాయి, ఒక్కొక్కటి ఏడాదికి 300 గంటలు ఎగురుతుంది. ప్రధాన గేర్‌బాక్సును 2,000 గంటలకు ఒకసారి ఓవర్‌హాల్‌కు, అంటే పూర్తిగా విప్పి బాగుచేయడానికి, పంపాలి. మొత్తం గుంపు ఏడాదికి 4,200 గంటలు ఎగురుతుంది కాబట్టి, సగటున ఏడాదికి 2.1 గేర్‌బాక్సులు మరమ్మతుకు వెళ్తాయి. ఓవర్‌హాల్‌కు 9 నెలలు పడితే, ఏ సమయంలోనైనా సగటున 1.6 గేర్‌బాక్సులు దారిలోనో వర్క్‌షాపులోనో ఉంటాయి. అంటే రెండు అదనపు గేర్‌బాక్సులు కొనిపెట్టుకుంటే బండి నడుస్తుంది.

ఇప్పుడు రెండే రెండు విషయాలు మారాయనుకుందాం. ఆయిల్‌లో లోహపు రజను కనిపించి గేర్‌బాక్సులు సగం గడువుకే దిగుతున్నాయి. ఫ్యాక్టరీలో ఒక బేరింగు దొరక్క ఓవర్‌హాల్‌కు 18 నెలలు పడుతోంది. ఏడాదికి 4.2 వెళ్తున్నాయి, ఒక్కొక్కటి ఏడాదిన్నర రావడం లేదు. మరమ్మతులో ఉన్నవి సగటున 6.3 అవుతాయి. అదనంగా కొన్నవి రెండే. మిగతా నాలుగు లోట్లు ఎక్కడి నుంచి పూరిస్తారు? నాలుగు హెలికాప్టర్లు గేర్‌బాక్సు లేకుండా హ్యాంగర్‌లో నిలబడతాయి. మరమ్మతుకు వెళ్లేవి రెండింతలు, మరమ్మతు గడువు రెండింతలు అయితే మరమ్మతులో ఉండేవి నాలుగింతలవుతాయి. సేకరణ అధికారుల అంచనాలు తప్పేది చాలాసార్లు ఇక్కడే, ఎందుకంటే ఒప్పందం రాసే రోజున ఫ్యాక్టరీ చెప్పిన గడువునే శాశ్వతమని నమ్మి విడిభాగాల సంఖ్య ఖాయం చేస్తారు.

300 హెలికాప్టర్ల దళం ఈ దెబ్బను కాస్త మింగగలదు. 14 ఉన్న దళానికి ప్రతి లోటూ ఒక స్థావరం మీద పడుతుంది. పైగా చిన్న గుంపు ఇచ్చే ఆర్డర్లూ చిన్నవే. సంవత్సరానికి మూడు హబ్బులు అడిగే కొనుగోలుదారు కోసం ఏ కార్ఖానా ఫోర్జింగ్ అచ్చును, అంటే లోహాన్ని నొక్కి ఆకారం తెచ్చే అచ్చును, ఎప్పుడూ సిద్ధంగా ఉంచదు. నాలుగైదు ఆర్డర్లు పోగయ్యాకే యంత్రం మొదలుపెడుతుంది.

ఈ ఇరుకులోంచే 2011లో కెనడా ఒక అసాధారణమైన కొనుగోలు చేసింది. అమెరికా అధ్యక్షుడి ప్రయాణాల కోసం ఇదే ఏడబ్ల్యూ-101 కుటుంబం నుంచి వీహెచ్-71 అనే రకాన్ని తయారు చేయించారు. ఖర్చు అదుపు తప్పడంతో 2009లో ఆ పథకాన్ని రద్దు చేశారు. అప్పటికే తయారైన తొమ్మిది హెలికాప్టర్లను, వాటితో ఉన్న సామగ్రిని కెనడా సుమారు 16 కోట్ల 40 లక్షల డాలర్లకు కొన్నది. ఎగరేయడానికి కాదు, ఊడదీసి వాడుకోవడానికి.

తెలివైన బేరమే. అయితే ఇలాంటి బేరానికి ఒక గుణం ఉంటుంది. హెలికాప్టర్‌ను ఊడదీసినప్పుడు తలుపులు, కిటికీలు, నేల పలకలు, తీగల కట్టలు అన్నీ వస్తాయి, వాటిలో చాలావాటి అవసరం పడదు. అందరికీ కావాల్సిన హబ్బులు, బ్లేడ్ల కోణం మార్చే సర్వో జాక్‌లు, గేర్‌బాక్సులు మాత్రం యంత్రానికి ఒకటో రెండో ఉంటాయి, అవే ముందు అయిపోతాయి. వీహెచ్-71లో ఇంజన్ రకమే వేరు, కాబట్టి ఇంజన్లు నేరుగా పాత కార్మొరాంట్‌లో బిగించేవి కావు. ఏ భాగం సరిపోతుందో పార్ట్ నంబరు వారీగా తేల్చాలి. దానికి కాగితం కావాలి: ప్రతి కీలక భాగానికీ సీరియల్ నంబరుతో ఒక లాగ్ కార్డు ఉంటుంది, అందులో ఎన్ని గంటలు ఎగిరిందో, ఎన్నిసార్లు దిగిందో, ఎప్పుడు ఓవర్‌హాల్ అయిందో రాసి ఉంటుంది. లాగ్ కార్డు పోయిన గేర్‌బాక్సు ఎంత నిగనిగలాడుతున్నా పనికిరాదు, దాని ఆయుష్షు ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు గనక.

విప్పినా అరుగుదలే

విడిభాగం లేనప్పుడు ఏ హ్యాంగర్‌లోనైనా జరిగేది ఒక్కటే: ఆగిన హెలికాప్టర్ నుంచి ఊడదీసి, ఎగరాల్సిన దానికి బిగించడం. దీన్ని మోసమనో నిర్లక్ష్యమనో అనకూడదు. సముద్రంలో మనిషి ఉన్నప్పుడు సరైన పని అదే. కానీ దాని ఖరీదు తెలిసి చేయాలి. మామూలుగా ఒక విప్పడం, ఒక బిగింపుతో పోయేది ఇప్పుడు రెండు విప్పడాలు, రెండు బిగింపులు అవుతుంది. పైపులు, సీళ్లు, స్ప్లిట్ పిన్నులు, లాక్ వైరు అన్నీ రెండుసార్లు ఖర్చవుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ మరనూ లెక్కలేనన్నిసార్లు విప్పి బిగించడానికి చేయలేదు.

దీనికి అత్యంత బాధాకరమైన సాక్ష్యం ఎస్-92 హెలికాప్టర్‌ది. కెనడా నావికాదళ ఓడలపై ఎగిరే సీహెచ్-148 సైక్లోన్‌కు మూలం ఇదే. 2009 మార్చి 12న న్యూఫౌండ్లాండ్ తీరంలో చమురు కార్మికులను తీసుకెళ్తున్న పౌర ఎస్-92 సముద్రంలో కూలి 17 మంది చనిపోయారు, ఒక్కరే బతికారు. ప్రధాన గేర్‌బాక్సు ఆయిల్ ఫిల్టర్ గిన్నెను పట్టి ఉంచే మూడు టైటానియం స్టడ్‌ల (మరలున్న చిన్న కడ్డీల) దగ్గర తప్పు మొదలైంది. ఫిల్టర్ మార్చినప్పుడల్లా నట్లు విప్పి బిగించడంతో మరల మీద లోహం గీరుకుపోయి, ఆ గాయాల దగ్గర అలసట పగుళ్లు పుట్టాయి. స్టడ్ విరిగింది, గిన్నె వదులైంది, ఆయిల్ కారిపోయింది, ఆయిల్ లేని గేర్‌బాక్సు నిమిషాల్లో తోక రోటరుకు శక్తినివ్వలేక చేతులెత్తేసింది. అంతకుముందు 2008లో ఆస్ట్రేలియాలోని బ్రూమ్ దగ్గర ఇలాంటి స్టడ్‌లే విరిగినందువల్ల, టైటానియం తీసి ఉక్కువి వేయాలని 2009 జనవరి చివర్లో తయారీదారు ఆదేశం వచ్చింది. గడువు ఏడాది, లేదా 1,250 ఎగిరే గంటలు. ప్రమాదం ఆరు వారాలకే జరిగింది. చేతిలో పట్టే మూడు స్టడ్‌లు, మార్చడానికి ఇచ్చిన వ్యవధి, ఈ రెండింటి మధ్య 17 ప్రాణాలు పోయాయి.

ఎస్-92 క్యాబిన్లు హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో తయారయ్యాయన్నది తెలుగువాళ్లకు గర్వకారణమే. అయితే హెలికాప్టర్లను నేల మీద కూర్చోబెట్టేది సాధారణంగా క్యాబిన్ కాదు, గేరు, బేరింగు, హబ్బు. పైన ఎన్ని పెద్ద భాగాలు మన దగ్గర తయారైనా, ఈ చిన్న లోహపు ముక్కల విషయంలో పట్టు రాకపోతే ఎదురుచూపు తప్పదు.

వించ్ కేబుల్

గాలింపు హెలికాప్టర్‌కే ప్రత్యేకమైన భాగం వించ్. దాని మీద ఉండే తాడు సాధారణంగా సుమారు 4.8 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు కేబుల్, మన చిటికెన వేలిలో సగం కూడా ఉండదు. చాలా వించ్‌లు ఎత్తే బరువు 272 కిలోలు. లోపలి పోగులు ఒక దిశలో, పైపోగులు ఎదురు దిశలో పేని ఉంటాయి, వేలాడే మనిషి గిరగిరా తిరగకుండా ఉండేందుకు.

సముద్రం మీద పని ముగించుకు వచ్చాక కేబుల్‌ను చివరిదాకా బయటికి తీసి మంచినీళ్లతో కడగాలి, ఆరబెట్టాలి. ఆరాక శుభ్రమైన నూలు గుడ్డ చుట్టి పట్టుకుని, కేబుల్‌ను నెమ్మదిగా దాని గుండా లాగాలి. తెగిన పోగు ఎక్కడున్నా గుడ్డ దారం దానికి చిక్కుకుంటుంది. వేలితో తడిమితే చర్మం చీలుతుంది, పైగా కొన్ని తప్పించుకుంటాయి. ఒకచోట కేబుల్ పంజరంలా ఉబ్బితే, అంటే పైపోగులు వదులై లోపలి పోగుల నుంచి దూరమైతే, లేదా మెలిక పడి గుర్తు మిగిలితే, కొలతలు చూసి వాదించాల్సిన పని లేదు, కేబుల్ తీసేయాలి. మంచి స్టోర్స్‌లో కేబుల్ ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే అది ఖరీదైనది కాదు. లేకపోతే మాత్రం కోట్ల యంత్రం మనిషిని చూసి కూడా పైకి లాగలేదు.

వించ్ చిక్కుకుంటే కేబుల్‌ను తెగ్గొట్టడానికి చిన్న పేలుడు గుళిక ఉంటుంది. ఓడ తాళ్లలో కేబుల్ చిక్కుకుని హెలికాప్టర్‌ను కిందికి లాగుతుంటే అదొక్కటే దారి. ఆ గుళికకు తయారీ తేదీ, బిగించిన తేదీ రెండూ చూడాలి, రెండింటిలో ఏది ముందు తీరితే అదే గడువు. పేలుడు పదార్థం కాబట్టి మామూలు విమానంలో పార్సిల్ చేసి పంపడానికి వీలుండదు. నెలరోజుల ముందు తెప్పించుకోని యూనిట్ చివర్లో హైరానా పడుతుంది.

విశాఖ గాలి

తూర్పు తీరానికి విశాఖపట్నంలోని నావికాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగ కేంద్రం. 2007లో అమెరికా నుంచి జలాశ్వ ఓడతో పాటు ఆరు యూహెచ్-3హెచ్ సీకింగ్ హెలికాప్టర్లు వచ్చాయి. 2009లో విశాఖలో ఐఎన్ఏఎస్ 350 స్క్వాడ్రన్ వాటితో మొదలైంది. 2024 జూన్‌లో వాటిని సర్వీసు నుంచి తప్పించారు. వాటి స్థానంలోకి వచ్చింది సీకింగ్ 42సీ. పేరు ఒకటే కాబట్టి భాగాలూ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. యూహెచ్-3హెచ్ అమెరికాలో సికోర్‌స్కీ చేసినది, ఇంజన్ జనరల్ ఎలక్ట్రిక్ టీ-58. 42సీ ఇంగ్లండులో వెస్ట్‌లాండ్ చేసినది, ఇంజన్ రోల్స్ రాయిస్ నోమ్. నోమ్ ఇంజన్ టీ-58 నుంచే పుట్టినా, స్టోర్స్ పుస్తకంలో రెండూ రెండు వేర్వేరు అధ్యాయాలు. ఆరు యంత్రాల కోసం ఒక పూర్తి విడిభాగాల గొలుసు నడపడం ఎంత బరువో కెనడా ఉదాహరణ చూశాక చెప్పనక్కర్లేదు.

విశాఖలాంటి చోట భాగం షెల్ఫులో ఉన్నా పాడవుతుంది. బేరింగులను సంరక్షక నూనెలో ముంచి, గాలి చొరని సంచిలో సిలికా జెల్ పొట్లంతో మూసి పెడతారు. నీలంగా ఉండాల్సిన సూచిక గులాబీ రంగుకు తిరిగిందంటే లోపల తేమ చేరినట్టు. అప్పుడు సంచి విప్పి, తనిఖీ చేసి, మళ్లీ నూనె పట్టించి మూయాలి. రబ్బరు సీళ్లకు, నీళ్లలో తేలేందుకు ఉండే సంచులకు వాడకపోయినా ఆయుష్షు తగ్గుతూనే ఉంటుంది. ఎగిరే యంత్రాలకైతే ఉప్పు పట్టు మరీ ఎక్కువ. కెరటాల మీద వేలాడినప్పుడు రోటరు గాలికి లేచిన తుంపరను ఇంజన్ మింగుతుంది. కంప్రెసర్ రెక్కల మీద ఉప్పు పేరుకుంటే గాలి తగ్గి ఉష్ణోగ్రత పెరుగుతుంది, అదే శక్తికి ఎక్కువ ఇంధనం కాలుతుంది. అందుకే దిగాక ఇంజన్‌ను మంచినీళ్లతో కడుగుతారు. ఒక్కరోజు వదిలేసిన కడుగుడు ఇంజన్ గడువులోంచి ఎన్ని గంటలు తినేస్తుందో వెంటనే కనిపించదు, ముందే దిగిన ఇంజన్ రూపంలో తర్వాత కనిపిస్తుంది.

2022 జులైలో విశాఖలోనే ధ్రువ్ మూడో రకం హెలికాప్టర్లతో ఐఎన్ఏఎస్ 324 మొదలైంది. గాలింపు పనికి ఇది మన సొంత యంత్రం, మూడు దళాలు, తీర రక్షక దళం కలిపి సుమారు 330 ధ్రువ్‌లు ఉన్నాయి. కెనడాకు లేని బలం ఇది. ఇక్కడ కనిపించింది వేరే బలహీనత. 2023లో వరస ప్రమాదాల తర్వాత నియంత్రణ రాడ్లను అల్యూమినియం నుంచి ఉక్కుకు మార్చడం మొదలైంది. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో తీర రక్షక దళ ధ్రువ్ కూలి ముగ్గురు చనిపోయాక, స్వాష్ ప్లేట్‌లో పగులు బయటపడి మొత్తం ధ్రువ్‌లన్నీ నేల మీద ఆగాయి. పైలట్ చేతి కదలికను తిరుగుతున్న బ్లేడ్లకు చేర్చేది స్వాష్ ప్లేటే. తిరగని సగం, తిరిగే సగం ఒక బేరింగుతో కలిసి ఉంటాయి. అది చెడితే ప్రత్యామ్నాయం లేదు. సైన్యం, వాయుసేన ధ్రువ్‌లకు ఆ ఏడాది మే నెలలో అనుమతి వచ్చింది. సముద్రం మీద ఎగిరే నావికాదళ, తీర రక్షక దళ యంత్రాలు ఇంకా ఎక్కువ కాలం ఆగాయి. అందరికీ ఒకే యంత్రం ఉంటే విడిభాగాలు చవకగా, త్వరగా దొరుకుతాయి. అందరికీ ఒకే భాగం చెడితే తీరం అంతటా ఒకేసారి ఖాళీ ఏర్పడుతుంది. అందుకే పాతబడిన చేతక్ హెలికాప్టర్లను పూర్తిగా వదిలేయడానికి దళాలు తొందరపడకపోవడంలో అర్థం ఉంది.

కెనడాకు వస్తే, 2006లో నోవా స్కోషియా తీరంలో శిక్షణలో ఒకటి, 2022 మార్చిలో గాండర్ రన్‌వే మీద మరొకటి దెబ్బతిని కార్మొరాంట్లు 13కు తగ్గాయి. 2022 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం వాటిని ఆధునికీకరించి, మరో మూడు చేర్చి 16 చేస్తారు. కొత్త ఇంజన్లు సీటీ7-8ఈ. రూపకల్పనకు ఆధారం నార్వే గాలింపు దళం వాడుతున్న 16 ఏడబ్ల్యూ-101ల ప్రమాణం. అంటే ఇకపై కోమాక్స్‌లో కావాల్సిన భాగం, నార్వేలోని సోలాలో కావాల్సిన భాగం చాలావరకు ఒకే పార్ట్ నంబరు కిందకు వస్తాయి. పదహారు, పదహారు కలిస్తే ముప్ఫై రెండు. ఫోర్జింగ్ అచ్చు దుమ్ము దులిపించడానికి అది కాస్త మెరుగైన ఆర్డరు.